విరిగిన ముక్కల అలమార
(బర్ట్ మన్రో జీవితం)



గొప్పవారి జీవితం అనగానే మనం రాజుల గురించో, దేశ నాయకుల గురించో రాస్తాం. ఈసారి ఒక మెకానిక్ గురించి రాస్తున్నాను. ఆయన పేరు బర్ట్ మన్రో. ఆయనకు ఫ్యాక్టరీ లేదు. పెద్ద డబ్బు లేదు. ఇంజనీరింగు చదువూ లేదు. ఉన్నదల్లా ఒక పాత మోటారు సైకిలు, ఒక చిన్న షెడ్డు, నలభై ఏళ్ళు తరగని ఓపిక. గంటకు 90 కిలోమీటర్లు కూడా సరిగా పోని బండిని ఆయన ఆ షెడ్డులోనే విప్పి, కోసి, పోతపోసి, మళ్ళీ బిగించి దాదాపు 300 కిలోమీటర్ల వేగానికి తెచ్చాడు. ఎట్లా తెచ్చాడో ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా నిలబడి చదవండి.

పొలం పిల్లవాడు

మన్రో అసలు పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. 1899 మార్చి 25న న్యూజిలాండు దేశంలో పుట్టాడు. క్లాసులో ఉన్న ప్రపంచ పటం చూస్తే ఆస్ట్రేలియాకు కుడి పక్కన, కింది వైపున రెండు పొడుగాటి దీవులు కనపడతాయి. అదే న్యూజిలాండు. అక్కడి మూలవాసులు మావోరీలు. తెల్లవాళ్ళు తర్వాత వచ్చి స్థిరపడ్డారు. మన్రోది అట్లా వచ్చిన రైతు కుటుంబం. కింది దీవిలో దాదాపు చిట్టచివర ఇన్వర్కార్‌గిల్ అనే ఊరు ఉంది. మన్రో జీవితం ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే గడిచింది.

ఆయనతోపాటు కవల చెల్లెలు పుట్టింది కానీ పుట్టుకలోనే చనిపోయింది. బతికిన పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ వేగమంటే పిచ్చి. మోటారు బండి ఇంకా చేతికి రాని రోజుల్లో ఇంట్లో ఉన్న గుర్రాల్లో అన్నిటికంటే జోరుగా పరుగెత్తేదాన్ని ఎక్కి పొలాలమీద పరుగు తీయించేవాడు. వాళ్ళ నాయనకు అది అసలు నచ్చేది కాదు. కొడుకు పొలం పని చూసుకోవాలని ఆయన కోరిక. మన్రో కొన్నాళ్ళు ఒటీరా అనే చోట రైలు సొరంగం పనికి కూడా పోయాడు. నాయన కొత్త పొలం కొని రమ్మంటే మళ్ళీ ఇంటికి వచ్చాడు.

1920లో, తన 21వ ఏట, ఒక కొత్త మోటారు సైకిలు కొన్నాడు. ఆ బండి పేరు ఇండియన్ స్కౌట్. ఆయన జీవితాంతం వదలనిది ఆ బండినే.

ఇండియన్ అంటే మనం కాదు

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇండియన్ అనే పేరు వినగానే ఇది మన దేశంలో తయారైన బండి అనుకుంటాం. కాదు. ఇది అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో తయారైన బండి. ఆ కంపెనీ 1901లో మొదలైంది. అమెరికా ఆదివాసులను తెల్లవాళ్ళు ఇండియన్లు అని పిలిచేవారు గదా, ఆ పేరే బండికి పెట్టుకున్నారు. ఈకల తలపాగా కట్టుకున్న ఆదివాసి పెద్ద తలను బండి గుర్తుగా వేసుకున్నారు. పేరు వాళ్ళది, బొమ్మ వాళ్ళది, కంపెనీ మాత్రం వాళ్ళది కాదు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి. ఆ పాత ఫ్యాక్టరీ 1953లో బండ్లు చేయడం ఆపేసింది. తర్వాత ఆ పేరును వేరేవాళ్ళు కొనుక్కొని ఇప్పుడు మళ్ళీ బండ్లు చేస్తున్నారు.

మన్రో కొన్న స్కౌట్ 600 సిసి బండి. అంటే ఇంజను సిలిండర్ల లోపలి ఖాళీ మొత్తం 600 ఘన సెంటీమీటర్లు. సిలిండర్లు రెండు, ఇంగ్లీషు వి అక్షరంలాగా ఉంటాయి. గేర్లు మూడు, చేత్తో మార్చాలి. ముందు చక్రానికి బ్రేకే లేదు. పూర్తిగా తిప్పితే గంటకు 88 కిలోమీటర్లు పోయేది. ఆ కాలానికి అది మంచి వేగమే. మన్రోకు అది చాలలేదు. 1926లో బండిని విప్పడం మొదలుపెట్టాడు. ఆ విప్పడం, బిగించడం ఆయన ముసలివాడయ్యేదాకా ఆగలేదు.

పగలు అమ్మకం, రాత్రి రిపేరు

మన్రో కొంతకాలం పందేల్లో బండి నడిపి బతికాడు. 1930 ప్రాంతంలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. పనుల్లేవు, డబ్బుల్లేవు. ఆయన తిరిగి ఊరికి వచ్చి పొలం చూశాడు. తర్వాత మోటారు సైకిళ్ళు అమ్మేవాడిగా, మెకానిక్‌గా పనిచేశాడు. పగలంతా దుకాణం పని. రాత్రయితే తన బండి పని. చాలాసార్లు తెల్లవారేదాకా దాంతోనే ఉండేవాడు. దీనికి తోడు ఇంగ్లండులో తయారైన వెలోసెట్ అనే 1936 నాటి బండి ఇంకొకటి ఉండేది. దానినీ ఇట్లాగే మార్చుకుంటూ పోయాడు.

కొత్త సామాను కొనడానికి డబ్బు లేదు. అందుకే సామానంతా తానే చేసుకున్నాడు. అది ఎట్లాగో చూడండి.

ఇంజనులో పిస్టన్ అని ఒకటి ఉంటుంది. సిలిండరులో పైకీ కిందికీ కదిలేది అదే. మన్రో పాత అల్యూమినియం కరిగించి, పాత డబ్బాలను అచ్చులకు వాడి, పిస్టన్లు తానే పోతపోసేవాడు. ఆదిలాబాద్ అడవుల్లో ఓజులు ఇత్తడి కరిగించి గుస్సాడీ బొమ్మలు, దేవతల బొమ్మలు పోతపోస్తారు గదా, మూలసూత్రం అదే. లోహాన్ని కరిగించాలి, అచ్చులో పోయాలి, చల్లారాక పగలగొట్టి తీయాలి, ఆకురాయితో రుద్ది సరిచేయాలి. తేడా ఒక్కటే. బొమ్మలో చిన్న బుడగ ఉండిపోతే ఏమీ కాదు. పిస్టన్‌లో బుడగ ఉంటే బండి వేగంగా పోతున్నప్పుడు అది పగిలిపోతుంది.

రెండోది కనెక్టింగ్ రాడ్. దర్జీ కుట్టుమిషను చూడండి. కాలితో పలకను తొక్కితే అది పైకీ కిందికీ ఊగుతుంది. దానికి తగిలించిన కడ్డీ పక్కనున్న చక్రాన్ని గుండ్రంగా తిప్పుతుంది. ఇంజనులో పిస్టన్ ఊగుడును చక్రం తిరుగుడుగా మార్చే అట్లాంటి కడ్డీనే కనెక్టింగ్ రాడ్. ఇది చాలా గట్టిగా ఉండాలి. మన్రో క్యాటర్‌పిల్లర్ ట్రాక్టరు పాత ఇరుసు సంపాదించి, ఆ గట్టి ఉక్కును కోసి, ఆకురాయితో చేత్తో అరగదీసి ఈ రాడ్లు చేసుకున్నాడు. ఒక్కొక్క రాడ్ వెనుక ఎన్ని రాత్రులు ఉంటాయో ఊహించుకోండి.

కొలతలు తీయడానికి మైక్రోమీటరు అనే పరికరం కావాలి. వెంట్రుక మందంలో తేడా వచ్చినా అది చెప్తుంది. మన్రో తన పాత చక్రం పుల్లతోనే, అంటే స్పోకుతోనే, కొలత పరికరం చేసుకున్నాడు. ఫ్లైవీలు, సిలిండర్లు కూడా సొంతంగా చేసుకున్నాడు. గాలి, పెట్రోలు లోపలికి రానిచ్చే వాల్వులు మొదట సిలిండరు పక్కన ఉండేవి. వాటిని సిలిండరు నెత్తిన పెట్టే ఏర్పాటు చేశాడు. అట్లా చేస్తే గాలి వంకర తిరగకుండా నేరుగా లోపలికి పోతుంది, ఇంజను బలం పెరుగుతుంది. వాల్వులను తెరిచే కామ్‌లు రెండు ఉంటే నాలుగు చేశాడు. సిలిండర్లను పెద్దవి చేసుకుంటూ పోయాడు. 600 సిసి ఇంజను కొన్నేళ్ళకు 850 అయింది, తర్వాత 920, చివరికి 950 అయింది.

ఎందుకు విరుగుతాయి?

ఇంత కష్టపడి చేసినా సామాను విరిగేది. ఒకసారి కాదు, లెక్కలేనన్నిసార్లు. దీనికి కారణం మన ఫిజిక్సు పుస్తకంలోనే ఉంది. ఇంజను తిరిగే వేగాన్ని రెండింతలు చేస్తే పిస్టన్ మీద, రాడ్ మీద పడే లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. 1920లో కంపెనీవాళ్ళు చేసిన ఇంజను ఆ బరువు మోయడానికి పుట్టింది కాదు. ఒకచోట గట్టిగా చేస్తే దాని పక్కది విరిగేది. పక్కది మారిస్తే మూడోది విరిగేది.

మన్రో ఆ విరిగిన ముక్కలను పారేయలేదు. కరిగిన పిస్టన్లు, తెగిన రాడ్లు, పగిలిన భాగాలు అన్నీ షెడ్డులో అరల మీద వరసగా పేర్చి పెట్టుకున్నాడు. అవన్నీ వేగమనే దేవుడికి సమర్పించిన నైవేద్యాలని అక్కడే రాసి పెట్టాడు. చూసినవాళ్ళు నవ్వుకొని ఉంటారు. నవ్వులాట సరే, ఆ అరలే ఆయన బడి అని నాకు అనిపిస్తుంది. ఏ ముక్క ఎక్కడ తెగిందో చూస్తే ఎక్కడ సన్నగా ఉందో తెలుస్తుంది. ఎక్కడ కరిగిందో చూస్తే ఎక్కడ వేడి ఎక్కువైందో తెలుస్తుంది. తర్వాత చేసే ముక్క అక్కడ మందంగా ఉండాలి. ఆయనకు పాఠం చెప్పిన మాస్టర్లు ఆ విరిగిన ఇనుప ముక్కలే.

కొత్తగా బిగించినప్పుడల్లా ఊరి దగ్గర ఓరెటి అనే సముద్ర తీరానికి బండిని తీసుకుపోయేవాడు. అక్కడ తడి ఇసుక గట్టిగా, చదునుగా చాలా దూరం ఉంటుంది. 1940లో న్యూజిలాండు రోడ్డు రికార్డు గంటకు 194 కిలోమీటర్లతో ఆయనకు వచ్చింది. 1957లో తీరం రికార్డు 211 కిలోమీటర్లతో వచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు 58 ఏళ్ళు. బండికి 37 ఏళ్ళు.

దానికి చెల్లించిన ధర

గొప్పవారి జీవితం రాసేటప్పుడు మంచి ఒక్కటే రాసి ఊరుకోకూడదు. మన్రోకు 1927లో పెళ్ళయింది. నలుగురు పిల్లలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత భార్యాభర్తలు విడాకులు తీసుకున్నారు. రాత్రుళ్ళన్నీ షెడ్డులో గడిపే మనిషితో కాపురం ఎట్లా ఉంటుందో మనమే అర్థం చేసుకోవచ్చు. తర్వాత ఆయన ఉద్యోగం కూడా మానేసి, ఒక గ్యారేజీలోనే కాపురం పెట్టాడు. పడక అక్కడే, పని అక్కడే, బండ్లు అక్కడే. బండ్ల మీదనుంచి చాలాసార్లు పడ్డాడు, దెబ్బలు తిన్నాడు. వయసు మీద పడ్డాక గుండె నొప్పి వచ్చింది. ఇవన్నీ ఆయన రికార్డుల పక్కనే రాసి పెట్టాల్సిన లెక్కలు.

ఉప్పు మైదానం

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉంది. ఊట్ అనే ఆదివాసుల పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. అక్కడ బోనవిల్ అనే ఉప్పు మైదానం ఉంది. ఎన్నో వేల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద సరస్సు ఉండేది. అది ఎండిపోయి ఉప్పు మాత్రం మిగిలింది. ఎటు చూసినా తెల్లగా, పలకలాగా చదునుగా ఉంటుంది. చెట్టు లేదు, రాయి లేదు, మలుపు లేదు. వేగంలో ప్రపంచ రికార్డు కొట్టాలనుకునేవాళ్ళు అక్కడికే పోతారు. భూగోళం అవతలి వైపునుంచి, సముద్రం దాటి, మన్రో తన బండిని అక్కడికి తీసుకుపోయాడు. ఒకసారి కాదు, ఎన్నో ఏళ్ళు పోతూ వచ్చాడు.

అక్కడ ఆయనకు అసలు శత్రువు గాలి. సైకిలు తొక్కేటప్పుడు ఎదురుగాలి వస్తే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. గాలి అడ్డు కూడా వేగం రెండింతలైతే నాలుగింతలవుతుంది. 88 నుంచి 295 కిలోమీటర్లకు పోవాలంటే గాలి అడ్డు దాదాపు 11 రెట్లు అవుతుంది. దాన్ని తోసుకొని పోవడానికి ఇంజనుకు దాదాపు 37 రెట్ల బలం కావాలి. పాత ఇంజనులో నుంచి అంత బలం తీయడం కుదిరే పని కాదు. అందుకని మన్రో బండికి చేప ఆకారంలో నున్నటి తొడుగు చేశాడు. ఆ తొడుగు లోపల బోర్లా పడుకొని నడపాలి. గాలి దానిని గుద్దుకోకుండా పక్కలనుంచి జారిపోతుంది. బలం పెంచడం ఒక దారి, అడ్డు తగ్గించడం ఇంకొక దారి. ఆయన రెండూ చేశాడు.

1962లో 850 సిసి ఇంజనుతో గంటకు దాదాపు 288 కిలోమీటర్లు నడిపి తన తరగతిలో ప్రపంచ రికార్డు కొట్టాడు. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. 1966లో పెద్ద తరగతిలో 270 కిలోమీటర్ల రికార్డు. 1967లో, 68 ఏళ్ళ వయసులో, 950 సిసి ఇంజనుతో 1000 సిసి లోపు తరగతిలో 295.453 కిలోమీటర్ల రికార్డు పెట్టాడు. అంటే ఒక్క సెకనులో 82 మీటర్లు. మన స్పోర్ట్సులో వంద మీటర్ల పందెం ఆయన బండికి సెకనున్నర పని కూడా కాదు. ఆ ఏడాదే అర్హత పరుగులో ఒక వైపు 305 కిలోమీటర్లు దాటాడు.

రికార్డుకు ఒక వైపు నడిపితే చాలదు. గాలి వెనకనుంచి తోస్తే వేగం ఎక్కువ కనపడుతుంది గదా. అందుకని అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపించి సరాసరి తీస్తారు. అందుకే రికార్డు అంకె ఎప్పుడూ ఒకవైపు పరుగు కంటే తక్కువగా కనపడవచ్చు.

అదే 1967లో ఒకసారి మంచి వేగంలో ఉండగా బండి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. వేగం తగ్గించడానికి ఆయన పైకి లేచాడు. గాలికి కళ్ళజోడు ఎగిరిపోయింది. ఏమీ కనపడలేదు. చివరికి బండిని పక్కకు పడుకోబెట్టి ఉప్పుమీద జారుతూ ఆపాడు. గీరుకుపోయిన గాయాలతో బయటపడ్డాడు. అక్కడ గుద్దుకోవడానికి చెట్టూ పుట్టా లేవు కాబట్టి బతికాడు. ఇదే మన ఘాటు రోడ్డు మీద అయితే ఏమయ్యేది? బండి మీద మోజున్న మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవండి. వేగానికి వేరే చోటు, వేరే రోజు ఉంటాయి. హెల్మెట్ లేకుండా సంత రోడ్డుమీద పోయేవాడు మన్రో కాడు.

చనిపోయాక దిద్దిన లెక్క

1977లో మన్రోకు పక్షవాతం వచ్చింది. చేతులు కాళ్ళు మునుపటిలాగా మాట వినలేదు. ఇక నడపలేనని తెలిశాక తన రెండు బండ్లనూ సొంత ఊరి దుకాణదారుకే అమ్మాడు. బయటివాళ్ళకు అమ్మితే అవి ప్రాంతం దాటి పోతాయని ఆయన బాధ. 1978 జనవరి 6న, 78 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ బండి ఇన్వర్కార్‌గిల్‌లో ఇ. హేస్ అనే హార్డువేరు దుకాణంలో చూడటానికి పెట్టారు. మేకులు, సుత్తులు కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి పోతారు. ఆ బండికి అంతకంటే సరైన చోటు లేదనిపిస్తుంది.

2005లో ఆయన మీద ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. ఆంథొనీ హాప్కిన్స్ అనే పెద్ద నటుడు మన్రో వేషం వేశాడు. సినిమా కాబట్టి ఎన్నో ప్రయాణాలను ఒకే ప్రయాణంగా కలిపి చూపించారు. అసలు జీవితంలో అది ఒక ప్రయాణం కాదు, ఒక రోజు గెలుపు కాదు. 1926 నుంచి 1967 దాకా 41 ఏళ్ళ పని.

ఇంకొక ముచ్చట. 1967 రికార్డు రాసినప్పుడు అధికారులు సరాసరి లెక్కలో పొరపాటు చేశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత మన్రో కొడుకు ఆ కాగితాలు చూసి లెక్క తప్పిందని పట్టుకున్నాడు. 2014లో, తండ్రి చనిపోయిన 36 ఏళ్ళకు, ఆ రికార్డును 296.259 కిలోమీటర్లుగా దిద్దారు. తేడా ఒక్క కిలోమీటరు కూడా లేదు. అయినా దిద్దారు. సరాసరి లెక్కలు దేనికి పనికొస్తాయని అడిగే మిత్రులకు ఇదే జవాబు.

మనకేమిటి?

మన్రోలాగా ఇల్లూవాకిలీ వదిలి షెడ్డులో పడుకోమని నేను చెప్పడం లేదు. ఆయన బతుకులో కష్టం ఆయన ఒక్కడే పడలేదు, ఇంట్లోవాళ్ళూ పడ్డారు. మనం తీసుకోవాల్సింది ఆ అరల సంగతి.

మనలో చాలామంది ఒక్క సబ్జెక్టు తప్పితే పెట్టె సర్దుకొని ఇంటికి పోతారు. తర్వాత మళ్ళీ రారు. పొలంలోకో, కూలికో, ఎవరి బండి మీదో క్లీనరుగానో పోతారు. తప్పిన పేపరును ఎవరూ చూడరు. చూడటానికి సిగ్గుపడతాం. ఎక్కడ తప్పిందో తెలియదు కాబట్టి మళ్ళీ రాసినా అక్కడే తప్పుతాం. మన్రో రాడ్ విరిగిన రోజున సిగ్గుపడి బండి అమ్ముకొని ఉంటే ఆయన పేరు వాళ్ళ వీధి దాటేది కాదు. ఆయన విరిగిన రాడ్‌ను తుడిచి, అందరికీ కనపడేటట్టు అరమీద పెట్టాడు. ఎక్కడ విరిగిందో చూసుకున్నాడు. అక్కడ మందం పెంచి మళ్ళీ చేశాడు.

యూనిట్ టెస్టు పేపర్లు వచ్చినప్పుడు వాటిని చించి రాకెట్లు చేయకండి. తక్కువ మార్కులొచ్చిన పేపరునే ముందు దాచుకోండి. ఎర్ర ఇంకు ఎక్కడ పడిందో అక్కడ మన రాడ్ సన్నగా ఉందన్న మాట. అక్కడ మందం పెంచాలి. మనమూ ఒక అలమార పెట్టుకుందాం, ట్రంకుపెట్టె అడుగునైనా సరే.

షెడ్డులోనే లోకాన్ని గెలిచిన మెకానిక్ బర్ట్ మన్రోకు జోహార్లు.